నాలుగొందల పొలుసుల కోసం

కాంటర్ పాము, అంటే అరుదుగా దొరికే ఒక చిన్నతల సముద్రపు పాము, దొరికిందని నేను వాట్సాప్‌లో పెట్టింది ఉదయం ఏడుంపావుకి. అది కాంటర్ పాము కాదని తేలింది మధ్యాహ్నం రెండు దాటాక. ఆ మధ్యలో ఏడు గంటల పాటు మా డిపార్ట్‌మెంటులో నేనే హీరోయిన్‌ని. అసలు అంతవరకూ ఎలా వచ్చిందో మొదటినుంచీ చెబుతాను.

మాది మండపేట దగ్గర పల్లెటూరు. పాములంటే నాకు తెలిసినవి చేలో నాగుపాము, గడ్డివాము పక్కన రక్తపింజరి, చెరువులో నీరుకట్టె. సముద్రంలో పాములుంటాయని చదివాను, పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కళ్ళతో చూడలేదు. ఎమ్మెస్సీ జువాలజీ అయ్యాక మా సారు ప్రాజెక్టులో చేరితే నన్ను ఉప్పాడ పంపారు. పని చెప్పడానికి తేలికే. తీరం నుంచి లాగే అలివి వలల్లో పడిన సముద్రపు పాముల్ని లెక్కపెట్టాలి. బతికున్నవాటిని వదిలేయాలి. చచ్చినవాటిని కొలిచి, జాతి తేల్చి, రిజిస్టర్లో ఎక్కించాలి. ఇవన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకి వచ్చే జంతువులు కాబట్టి అటవీ శాఖ అనుమతి సారు పేరు మీద ఉంది. దాని జిరాక్సు నా బ్యాగులో ఎప్పుడూ ఉండేది. ఒక్కరూ అడగలేదు గానీ అది లేకుండా బయల్దేరాలంటే భయం.

అలివి వల చూడనివాళ్ళకి ఒక మాట. పడవ వెళ్ళి వలని సముద్రంలో అర్ధచంద్రంలా పరిచి వస్తుంది. రెండు కొసల తాళ్ళూ ఒడ్డునే ఉంటాయి. ఒక్కో తాడునీ పాతికమంది పట్టుకుని ఇసుకలో మడమలు దిగేసి వెనక్కి నడుస్తూ లాగుతారు. గంటా గంటన్నర పడుతుంది. చివరికి వల సంచి ఒడ్డుకి చేరాక ముందు పెద్ద చేపలు, తరవాత రొయ్యలు, ఆ తరవాత చిల్లర చేప ఏరతారు. మిగిలింది చెత్త. జెల్లీ చేపలు, నాచు, ప్లాస్టిక్ కవర్లు, ముళ్ళ కప్పచేపలు, పాములు. నా చోటు ఆ చెత్తకుప్ప దగ్గర. మొదటి వారం అక్కడ కాకులకీ కుక్కలకీ నాకూ పెద్ద తేడా ఉన్నట్టు ఎవరికీ అనిపించలేదు.

పాము వల్లో కనబడితే కుర్రాళ్ళు తోక పట్టుకుని గిరగిరా తిప్పి సముద్రంలోకి విసిరేవారు. మొదటిరోజు అది చూసి నా గుండె ఆగింది. వల పెద్ద, అరవై దాటిన మనిషి, నా మొహం చూసి నవ్వాడు.

"ఆయ్, అది ఇసకమీద ఏం చేయలేదమ్మా. పాకలేదు కదా."

నిజమే. నేల పాముకి పొట్ట కింద అడ్డంగా వెడల్పాటి పొలుసులుంటాయి, వాటి పట్టుతోనే పాకుతుంది. పూర్తిగా సముద్రానికే అలవాటుపడిన పాముల్లో ఆ పొలుసులు చిన్నవైపోయాయి, కొన్నిట్లో పక్క పొలుసులతో కలిసిపోయాయి. ఒడ్డున పడేస్తే ఒళ్ళు ఒక పక్కకి వాలిపోతుంది. తోక తెడ్డులా చదునుగా ఉంటుంది. ముక్కురంధ్రాలు మూతికి పైన ఉండి, మునిగినప్పుడు లోపలి మూతలతో మూసుకుంటాయి. ఊపిరితిత్తి ఒకటే, అదీ దాదాపు ఒళ్ళు పొడుగునా ఉంటుంది. గుడ్లు పెట్టడానికైనా గట్టెక్కే అవసరం లేదు, నీళ్ళలోనే పిల్లల్ని కంటాయి. అండమాన్లో రాళ్ళ మీద కనబడే నల్లచారల పాములు వేరే గుంపు, అవి ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. ఆ ఫోటోలు పంపి 'ఇవేనా మీవి' అని అడిగినవాళ్ళందరికీ ఈ జవాబే చెప్పి చెప్పి విసిగిపోయాను.

కానీ పెద్దాయన మాటలో సగమే నిజం. పాకలేదు సరే, కరవగలదు.

మాకు ఎక్కువగా పడేది ముక్కుపాము. శాస్త్రీయ నామం హైడ్రోఫిస్ షిస్టోసస్. పై పెదవి కొస చిలక ముక్కులా కిందికి వంగి ఉంటుంది, గడ్డం దగ్గర సన్నటి పుల్లలాంటి పొలుసు ఒకటి లోతుగా దిగి ఉంటుంది. ఆ పుల్ల వల్లే నోరు ఊహించనంత వెడల్పుగా తెరుచుకుంటుంది. జెల్లల్ని ముళ్ళతో సహా మింగేస్తుంది. తమిళ తీరంలో దీన్ని 'వలకడియన్' అన్నారు, అంటే వలని కొరికేది. ఆసియా తీరాల్లో సముద్రపు పాము కాటుతో పోయినవాళ్ళలో ఎక్కువమంది ఖాతా దీనిదే.

డిసెంబరులో ఒక పొద్దున పదహారేళ్ళ కుర్రాడు చెత్త ఏరుతుంటే దాని నోట్లో చూపుడువేలు పడింది. వాడు చెయ్యి విదిలించి పని చేసుకుంటున్నాడు. పక్కవాడు అరిస్తేగానీ నాకు తెలియలేదు. వేలి మీద సూదితో గుచ్చినట్టు రెండు చుక్కలు. వాపు లేదు, నెప్పి లేదు. అదే అసలు చిక్కు. నాగుపాము కాటైతే మనిషికి భయమేస్తుంది, పరిగెడతాడు. దీనికి ఏమీ అనిపించదు. అరగంట తరవాతో మూడు గంటల తరవాతో ఒళ్ళంతా కండరాలు పట్టేయడం మొదలవుతుంది, దవడ బిగుస్తుంది. కండరాలు కరిగి మూత్రం నల్లగా, కాఫీ రంగులో వస్తుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఊపిరాడదు. ఇదంతా నేను చదివిన విషయమే. చదివింది నా ముందు కూచుని 'ఏం కాలేదక్కా' అంటుంటే నా చేతులు వణికాయి.

వాళ్ళ మావయ్య నైలాన్ తాడుతో మణికట్టు దగ్గర బిగించి కట్టేశాడు. బతిమాలి విప్పించాను. చెయ్యి కదలకుండా నా చున్నీతో అట్టముక్కకి కట్టి ఆటోలో ఎక్కించాం. ముందు వెళ్ళిన చోట, పేరు రాయను, "సముద్రం పాములకి విషముండదు, ఇంటికి తీసుకెళ్ళండి" అన్నారు. రెండోచోట నర్సుగారు వెంటనే పాము మందు సీసాలు బయటికి తీశారు. ఆ మందు మన నాలుగు నేలపాముల మీద తయారైంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి. సముద్రపు పాము మీద పనిచేయదు. దీని మందు ఆస్ట్రేలియాలో తయారవుతుంది, ఇదే ముక్కుపాము విషంతో. మన దగ్గర దొరకదు. డ్యూటీ డాక్టరు కుర్రవాడు, నా మాట విన్నాడు, ఎవరికో ఫోన్ చేశాడు. ఇరవై నిమిషాల రక్తం పరీక్ష చేస్తే మామూలుగానే గడ్డకట్టింది. సముద్రపు పాము కాటులో గడ్డకట్టాల్సిందే, కాబట్టి దాన్నిబట్టి ఊరట పడటానికి లేదు. సీసాలు లోపల పెట్టేయమన్నాడు. "మూత్రం రంగు చూద్దాం, మెడ ఎత్తగలుగుతున్నాడో చూద్దాం" అన్నాడు.

రాత్రంతా అదే పని. రెండు గంటలకోసారి గాజుసీసా కిటికీ దగ్గర ట్యూబులైటుకి ఎదురుగా ఎత్తి చూడటం. నేనూ వాళ్ళమ్మా వంతులేసుకున్నాం. ప్రతిసారీ లేత పసుపే. తెల్లవారుజామున నాలుగింటికి వాడు లేచి బజ్జీలు దొరుకుతాయా అని అడిగాడు. కరిచింది గానీ విషం దించలేదన్నమాట. ఈ పాముల కాట్లలో చాలావాటికి అంతే జరుగుతుంది. అయితే ఆ చాలావాటిలో మనది ఉందో లేదో పొద్దున్నదాకా తెలియదు.

ఆ కుర్రాడే తరవాత నాకు సహాయకుడయ్యాడు. కరిపించుకున్నందుకు తనకేదో హక్కు వచ్చిందనుకునేవాడు. గ్లవ్స్ వేసుకోకపోతే నా చెత్తకుప్ప దరిదాపుల్లోకి రానివ్వనని వాళ్ళమ్మ ఎదుటే ఒట్టు వేయించాను.

ఇక ఆ జనవరి రోజు. సంక్రాంతి వెళ్ళిన వారానికి. వల సంచిలో అడుగున నాచుతో కలిసి ఏదో తాడు ముక్క కనబడింది. నైలాన్ తాడు అనుకుని పట్టకారుతో లాగితే దాని వెనకాల బొటనవేలంత లావు ఒళ్ళు జారి వచ్చింది. తల నా చిటికెనవేలి గోరంత. మెడ చెప్పులేసు అంత. ఆ సన్నదనం అలాగే జానెడు దూరం పోయి, మెల్లగా లావెక్కి, వెనక సగానికి వచ్చేసరికి మెడకి నాలుగైదింతలు. ఎవరో రెండు వేర్వేరు పాముల్ని అతికించినట్టుంది. చచ్చిపోయింది. నోట్లోంచి అంగుళంన్నర పొడుగు తోక బయటికి వేలాడుతోంది. రెక్కలేని తోక, కొస గట్టిగా, మొద్దుసూదిలా ఉంది. ఇసుకలో తోకతో తవ్వుకుని దూరే మలుగు చేప తోక.

ఆ తోక చూశాకే పాము ఆకారం నాకు అర్థమైంది. అప్పటిదాకా పుస్తకంలో 'చిన్నతల జాతులు' అని బట్టీపట్టానంతే. ఈ పాము తిండి ఇసుకలో, బురదలో బొరియ చేసుకుని ఉండే సన్నటి మలుగులు. పెద్ద తల ఉంటే బొరియలోకి పోదు. అందుకని ముందు సగం బొరియకి సరిపడా సన్నబడింది. వెనక సగం లావుగా ఉండి బయట నీళ్ళలో ఒళ్ళు నిలబెట్టుకుంటుంది. ఇరుకులో దొరికిన చేప పారిపోకుండా, తిరిగి కరవకుండా వెంటనే చచ్చుబడాలి, దానికే ఆ విషం. మనుషుల కోసం తయారు చేసుకున్నది కాదు. ఆ గోరంత నోటితో మనిషిని కరవాలన్నా దానికి కష్టమే.

చిన్నతల పాములు మన తీరంలో రెండు రకాలు చెబుతారు. ఒకటి గ్రాసిలిస్, 1802లో షా అనే ఆయన పేరు పెట్టింది. రెండోది కాంటోరిస్, 1864లో గుంథర్ పెట్టిన పేరు. పెనాంగ్‌లో ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా పనిచేసిన కాంటర్ అనే డేనిష్ ఆయన పేరు మీద. మొదటిది అప్పుడప్పుడూ దొరుకుతుంది. రెండోది అరుదు. అంటే ఏ పొద్దునైనా చెత్తకుప్పలో నేను వెతికేది అదే. వీటి ఇంటిపేరు కూడా ఇంకా తేలలేదు. కొందరు హైడ్రోఫిస్ అంటారు, కొందరు మైక్రోకెఫాలోఫిస్ అని విడిగా పెడతారు.

నేనేం చేశానంటే, మెడ చుట్టూ పొలుసుల వరసలు లెక్కపెట్టాను. 23 వచ్చాయి. గ్రాసిలిస్‌కి అక్కడ 17 నుంచి 21, కాంటోరిస్‌కి 23 నుంచి 25. ఇంకేం కావాలి? ఫోటో తీసి, కింద పేరు రాసి, గ్రూపులో పడేశాను. చప్పట్లు, దండాలు, 'కంగ్రాట్స్ అక్కా' లు. ఎనిమిదింటికి సారు ఫోన్.

"వెంట్రల్స్ ఎన్నమ్మా?"

"ఇంకా లెక్కపెట్టలేదు సార్."

"మరి నామకరణం ఎలా చేసేశావు?"

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పొట్ట పొలుసులు లెక్కపెట్టి ఫోన్ చెయ్యమని పెట్టేశారు. కాంటోరిస్‌కి అవి 400 దాటాలి. గ్రాసిలిస్‌కి అన్ని ఉండవు. ఈ తేడా మాల్కం స్మిత్ 1926 నాటి పుస్తకంలో స్పష్టంగా ఉంది. సయాం రాజుగారి ఆస్థానంలో వైద్యం చేస్తూ సముద్రపు పాముల మీద పనిచేసిన మనిషి ఆయన. ఆ పేజీ ఫోటో నా ఫోన్లోనే ఉంది. చూడలేదు, చూడాలని అనిపించలేదు. 23 నాకు నచ్చిన అంకె మరి.

ఎండలో చచ్చిన పాము గంటలో ముడుచుకుపోతుంది. తడి గోనెపట్టాలో చుట్టి, పెద్దాయన ఇంటి అరుగు మీద పెట్టి మొదలెట్టాం. ముందు పొడుగు, దర్జీ టేపుతో. మీటరుకి నాలుగు సెంటీమీటర్లు తక్కువ. పెద్ద పాముకి ఒంటి మీద పట్టీలు వెలిసిపోయి పైన బూడిదరంగు, కింద పాలిపోయిన పసుపు. పిల్లగా ఉన్నప్పుడు నల్లటి నలుపు మీద తెల్లపట్టీలుంటాయి.

తరవాత పొట్ట. మామూలు పాముకి పొట్ట పొలుసులు మెట్లలా కనబడతాయి, కళ్ళతోనే లెక్కపెట్టవచ్చు. వీటికి పక్క పొలుసుల కంటే రవ్వంత వెడల్పు, అంతే. గొంతు కింద మొదటి పొలుసు ఎక్కడో తేల్చుకోవడానికే పదింతల భూతద్దంతో పది నిమిషాలు. తడిగా ఉంటే మెరిసి కనబడవు, బాగా తుడిస్తే ఎండి లేచిపోతాయి. రుమాలుతో అద్దుతూ, పదేసి పొలుసులకి ఒక గుండుసూది. మొదటిసారి 180 దాటాక పక్కింటావిడ వచ్చి 'ఇది ఆడదా మగదా' అని అడిగింది, లెక్క పోయింది. రెండోసారి మధ్యలో వచ్చేసరికి ఒక్కో పొలుసుకీ నిలువునా చీలిక కనబడటం మొదలైంది.

"అక్కా, ఇది రెండా ఒకటా?" అన్నాడు కుర్రాడు.

ఒకటే. ఈ చిన్నతల పాములకి వెనక వైపు పొట్ట పొలుసులు మధ్యకి చీలి ఉంటాయి, జతని ఒకటిగానే లెక్కపెట్టాలి. అప్పటికి అలా ఎన్నింటిని రెండుగా లెక్కేశానో నాకే తెలియలేదు. మళ్ళీ మొదటికి. ఈసారి వాడు పద్ధతి మార్చాడు. సూదులు తీసేసి, నేను పది అనగానే ఒక గవ్వ అరుగు మీద పెడతానన్నాడు. నేను నోరు విప్పేది పదికే, మిగతావన్నీ లోపలే. ఎవరొచ్చినా పెద్దాయన చేత్తో ఆగమని సైగ చేసేవాడు. ఆ నిశ్శబ్దంలో నాకు రస్సెల్ గుర్తొచ్చాడు. 1780ల్లో విశాఖపట్నంలో ఉన్న కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్, రక్తపింజరికి ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. ఈ కోరమాండల్ తీరపు పాముల్ని తెప్పించుకుని, బొమ్మలు వేయించి, ఒక్కోదానికీ పొట్ట పొలుసులు ఎన్నో రాసుకున్నాడు. ఊళ్ళోవాళ్ళు చెప్పిన పేరు తన స్పెల్లింగులో పక్కనే రాశాడు. 'బంగారుం పామ' అని ఆయన రాసుకున్నదాంట్లోంచే కట్లపాముల జాతికి బంగారస్ అనే పేరు వచ్చింది. ఆయన అరుగు మీద గవ్వలు పెట్టిందెవరో ఎక్కడా రాయలేదు.

మలద్వారం దగ్గరి పొలుసు వచ్చేసరికి గవ్వలు 24, పైన 6. మొత్తం 246.

మళ్ళీ తోక నుంచి తల వైపు లెక్కపెట్టాను, 247 వచ్చింది. ఒకటి అటూ ఇటూ. నాలుగొందలు కావాలంటే ఇంకో పదిహేను గవ్వలు పైన ఉండాలి.

మరి మెడ దగ్గర 23 ఎలా వచ్చింది? తల వెనక ఒక తలంత దూరంలో లెక్కపెట్టాలి. ఈ పాముకి అంటే సెంటీమీటరున్నర కూడా ఉండదు. నేను నా జానెడు దూరంలో, మెడ లావెక్కడం మొదలైన చోట లెక్కపెట్టాను. లావెక్కిన చోట వరసలు పెరుగుతాయి. సరైన చోట పెడితే 19. ఒంటికి బాగా లావు ఉన్నచోట 33. అన్నీ ఒకే మాట చెబుతున్నాయి, గ్రాసిలిస్.

"నాలుగొందలుంటే ఏమయ్యేదక్కా?" అని అడిగాడు కుర్రాడు, గవ్వలు జేబులో వేసుకుంటూ.

"పేపర్లో పడేది."

"నా పేరు కూడానా?"

పడేదన్నాను. కాసేపు మొహం ముడుచుకున్నాడు.

గ్రూపులో దిద్దుబాటు పెట్టాను. పొద్దున నలభై దండాలు వచ్చిన చోట ఈసారి ఒకటే వచ్చింది, అది సారుది. సాయంత్రం గదికి వెళ్ళాక రిజిస్టరు తీసి ఈ పాము వివరాలు ఎక్కించాను. పొడుగు, మూడు లెక్కలు, నోట్లో దొరికిన మలుగు తోక, దొరికిన చోటు, సమయం. పేజీలు వెనక్కి తిప్పుతుంటే నవంబరులో రెండు వరసలు కనబడ్డాయి. 'చిన్నతల, చచ్చినది, గ్రాసిలిస్' అని నా రాతే. మెడ వరసల గడి ఖాళీ, పొట్ట పొలుసుల గడి ఖాళీ. అప్పట్లో చూడగానే తెలిసిపోయిందనుకుని రాసేశాను. ఫోటో ఒకదానికే ఉంది, అదీ వీపు వైపు. ఆ రెండు పాముల్నీ అప్పుడే సముద్రంలోకి విసిరేశాం.

ఎర్ర పెన్ను తీసి రెండు చోట్లా పేరు కొట్టేసి, పక్కన 'జాతి తేలలేదు' అని రాసి, ఆ రోజు తేదీ వేశాను.